ఎస్టా మీద వచ్చి 90 రోజులు దాటిపోయాయి, ఇక్కడే పెళ్లైంది. గ్రీన్‌కార్డ్‌కి ఇక్కడినుంచే ఫైల్ చేయొచ్చా? (డాలస్)

లెస్టర్ తెలుగమ్మాయి:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్లు చెప్పండి.

నేను పుట్టింది తెనాలిలో. ఆరో ఏట అమ్మానాన్నలతో ఇంగ్లండ్ వచ్చేశాను. చదువు, ఉద్యోగం అంతా లెస్టర్‌లోనే. బ్రిటిష్ పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు ఉన్నాయి. మా ఆయన వాళ్లది నిజామాబాద్. మామయ్యగారు ఇక్కడ ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు పుట్టాడు కాబట్టి తను పుట్టుకతోనే అమెరికన్ సిటిజన్. చిన్నప్పుడే ఇండియా వెళ్లిపోయి, బీటెక్ అయ్యాక మళ్లీ ఇక్కడికి వచ్చాడు. మా సంబంధం పెద్దవాళ్లు కుదిర్చిందే. గుంటూరులో ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చారు.

పెళ్లికి ముందు ఒకసారి తన ఊరు, ఇల్లు చూసి రమ్మని ఇంట్లో అంటే, ఆఫీసులో మూడు వారాలు సెలవు పెట్టి ఎస్టా (వీసా లేకుండా 90 రోజుల దాకా ఉండనిచ్చే ఆన్‌లైన్ అనుమతి) మీద డాలస్ వచ్చాను. రిటర్న్ టికెట్ ఉంది. వచ్చిన రెండో వారంలో ఎల్‌బీజే ఫ్రీవే మీద తన కారుని వెనకనుంచి ట్రక్ గుద్దింది. తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. అత్తయ్యగారి విజిటర్ వీసా గడువు అయిపోయి ఉంది, కొత్త వీసాకి స్లాట్ దొరకలేదు. మంచం దిగలేని మనిషిని వదిలి ఎలా వెళ్లను? ఉండిపోయాను. గాయం దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి రెండో ఆపరేషన్ అయ్యింది, ఆ హాస్పిటల్ గొడవల్లోనే నా 90 రోజులు దాటిపోయాయి. తర్వాత తను వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, మెకిన్నీ వెళ్లి మ్యారేజ్ లైసెన్స్ తీసుకుని, టెక్సస్ రూల్ ప్రకారం 72 గంటలు ఆగి, ఫ్రిస్కో హనుమాన్ గుడిలో పెళ్లి చేసుకున్నాం. వాకర్ పక్కన పెట్టి, కుర్చీలో కూర్చునే తాళి కట్టాడు. గుంటూరు హాల్ వాళ్లు అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేదు, అది వేరే సంగతి.

ఇప్పటికి గడువు దాటి నాలుగు నెలల పైనే అయ్యింది. ఆరు నెలలు ఇంకా నిండలేదు. లెస్టర్‌నుంచి నాన్న రోజూ ఫోన్ చేసి, ఆరు నెలలు దాటితే మూడేళ్లు రానివ్వరట, వెంటనే బయల్దేరి వచ్చెయ్యి, లండన్‌నుంచి అప్లై చేద్దాం అంటున్నారు. ఇక్కడివాళ్లేమో సిటిజన్ భార్యవి, నీకేం కాదు, ఇక్కడే ఫైల్ చెయ్యి అంటున్నారు. ఒక లాయర్‌తో అరగంట మాట్లాడాం. ఆయన ఫైల్ చేయొచ్చన్నారు కానీ, ఎస్టా అని నేను రెండుసార్లు చెప్పినా బీ2 (మామూలు విజిటర్ వీసా) అన్నట్టే మాట్లాడారు. అక్కడే నాకు భయం పట్టుకుంది.

ఇంకో రెండు విషయాలు. తెనాలిలో అమ్మమ్మకి డయాలసిస్ జరుగుతోంది. ఒక్కసారి వెళ్లి చూసి రావాలని ఉంది. రెండోది, మా ఆయనకి ఇప్పుడు డిజెబిలిటీ కింద సగం జీతమే వస్తోంది. స్పాన్సర్‌షిప్‌కి అది సరిపోతుందా?


ఫ్రిస్కో తమ్ముడు:

టెన్షన్ పడకండి అక్కా. మా ఫ్రెండ్ వాళ్ల మిసెస్ విజిటర్ వీసా మీద వచ్చి ఏడాది పైన ఓవర్‌స్టే అయ్యాక ఫైల్ చేసింది, గ్రీన్‌కార్డ్ వచ్చేసింది. సిటిజన్ భార్యకి ఓవర్‌స్టే అడ్డు కాదు. ఒకవేళ వాళ్లు కాదన్నా ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు మళ్లీ అడగొచ్చు. లాయర్‌కి డబ్బులు తగలేయకుండా ఫారాలు మీరే నింపుకోండి.


హ్యూస్టన్ అక్క:

తమ్ముడూ, నీ మాటలో సగం సరైనదే. మిగతా సగం ఈ అమ్మాయికి వర్తించదు, ఆ సగమే ప్రమాదం. నేను లాయర్‌ని కాదు. ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర కేసు కాగితాలు తయారుచేసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మనవాళ్లలో ఎక్కువమంది ఇండియన్ పాస్‌పోర్ట్ మీద బీ2 వీసాతో వస్తారు కాబట్టి అందరికీ ఆ రూల్సే తెలుసు. ఎస్టా ఇండియన్ పాస్‌పోర్ట్‌కి లేదు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, సింగపూర్ పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు దాని మీద వస్తుంటారు. వాళ్లకి సలహా ఇచ్చేవాళ్లు బీ2 అనుభవంతో ఇస్తారు.

అమ్మా, ముందు నీకు ధైర్యం ఇచ్చే మాట. ఎస్టా మీద వచ్చినవాళ్లు ఇక్కడ గ్రీన్‌కార్డ్‌కి మారడానికి వీల్లేదని చట్టంలో ఉంది. ఆ వాక్యంలోనే మినహాయింపు కూడా ఉంది. సిటిజన్ భార్య లేదా భర్త, సిటిజన్ తల్లిదండ్రులు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు, వీళ్లకి ఆ అడ్డు లేదు. గడువు దాటడం కూడా వీళ్లకి అడ్డు కాదు. 90 రోజులు దాటాక ఫైల్ చేస్తే తీసుకోవాలా వద్దా అని ఒకప్పుడు ఒక్కో ఆఫీసులో ఒక్కో తీరుగా ఉండేది. 2013 నవంబరులో యూఎస్‌సీఐఎస్ (గ్రీన్‌కార్డ్ అప్లికేషన్లు చూసే శాఖ) ఒక మెమో ఇచ్చింది. గడువు లోపల ఫైల్ చేసినా, దాటాక చేసినా, ఇలాంటి దగ్గరి బంధువుల అప్లికేషన్‌ని మామూలుగానే పరిశీలించాలని అందులో చెప్పారు. అప్పటికే రిమూవల్ ఆర్డర్ (దేశంనుంచి పంపించేసే ఉత్తర్వు) ఉన్నవాళ్లు, నేరాల విచారణలో ఉన్నవాళ్ల లాంటివి వేరు. నీకు అవేవీ లేవు. కాబట్టి నువ్వు ఫైల్ చేయొచ్చు.

ఇక భయం సంగతి. ఎస్టా ఫారం నింపినప్పుడు ఒక పేజీలో టిక్ పెట్టి ముందుకు వెళ్లావు, గుర్తుందా? అందరం చదవకుండానే పెడతాం. ఎంట్రీలో ఆఫీసర్ తీసుకునే నిర్ణయం మీద అప్పీలు చేయను, నన్ను పంపించేస్తానంటే శరణు కోరడం తప్ప ఇంకే రకంగానూ ఎదురు వాదించను అని ఆ పేజీలో రాసి ఉంటుంది. బీ2 మీద వచ్చినవాళ్ల అప్లికేషన్ తిరస్కరిస్తే కేసు జడ్జి ముందుకు వెళ్తుంది, అక్కడ అదే అప్లికేషన్ మళ్లీ పెట్టుకోవచ్చు. తమ్ముడు చెప్పింది అదే. ఎస్టా వాళ్లకి ఆ మెట్టు లేదు. జడ్జి లేకుండానే ఐస్ (పట్టుకుని దేశంనుంచి పంపించే ఇమ్మిగ్రేషన్ విభాగం) అధికారులు రిమూవల్ ఆర్డర్ ఇవ్వగలరు. టెక్సస్ ఎవరి పరిధిలోకి వస్తుందో ఆ ఐదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీళ్ల) కోర్టు 2009లో మెకార్తీ కేసులో ఇదే తేల్చింది. తొమ్మిదో సర్క్యూట్ 2008లో, మూడు, ఏడు సర్క్యూట్‌లు 2010లో ఇలాగే చెప్పాయి. 90 రోజులు దాటాక పెట్టిన గ్రీన్‌కార్డ్ అప్లికేషన్‌ని చూపించి పంపించడాన్ని ఆపమని అడగలేవు.

అంటే నీకు ఉన్నది ఒకే అవకాశం, అది యూఎస్‌సీఐఎస్ ఆఫీసర్ చేతిలో ఉంది. అందుకే లాయర్ అక్కర్లేదు, నువ్వే నింపుకో అన్న మాట నీ విషయంలో నేను ఒప్పుకోను. ముందు ఫైల్ చేసేద్దాం, తక్కువైన కాగితాలు అడిగినప్పుడు పంపుదాం అనే పద్ధతి బీ2 వాళ్లకి నడుస్తుంది. నీ ఫైలు తెరవగానే ఇంకో కాగితం అడగాల్సిన పని ఆఫీసర్‌కి ఉండకూడదు. మీరు మాట్లాడిన ఆయన ఎస్టా అని చెప్పినా పట్టించుకోలేదంటే ఇంకొకర్ని వెతుక్కోండి. మొదటి పది నిమిషాల్లో ఆ వదులుకున్న హక్కు సంగతి తనంతట తాను ఎత్తని లాయర్ నీకు వద్దు.

నాన్నగారి భయం కూడా నిజమైనదే. గడువు దాటి 180 రోజులకి పైన ఉండి దేశం వదిలి వెళ్తే మూడేళ్లు, ఏడాది, ఆపైన ఉండి వెళ్తే పదేళ్లు మళ్లీ రానివ్వరు. అయితే ఆ నిషేధం దేశం దాటి వెళ్లినప్పుడే అంటుకుంటుంది. ఇక్కడే ఉండి గ్రీన్‌కార్డ్ తెచ్చుకున్నవాళ్లకి తగలదు. ఇంకో సంగతి ఆయనకి చెప్పు. ఐ-485 (గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ ఫారం) సరిగ్గా ఫైల్ అయ్యి రసీదు వచ్చిందంటే, అది పెండింగ్‌లో ఉన్నంతకాలం ఆ రోజులు పెరగవు. కాబట్టి 180 నిండకముందే ఫైల్ చేస్తే, రేపు ఏదైనా తేడా వచ్చి వెళ్లాల్సి వచ్చినా మూడేళ్ల నిషేధం లేకుండా వెళ్లే దారి మిగులుతుంది. నీ దగ్గర ఇంకా టైమ్ ఉంది. నా మాట వింటే, ఈ వారమే మంచి లాయర్ని పట్టుకుని, 180 లోపు పూర్తి ఫైలు పంపేలా చూసుకో.

అమ్మమ్మ దగ్గరికి మాత్రం ఇప్పుడు వద్దమ్మా. చెప్పడానికి నాకే బాధగా ఉంది. ఐ-485 పెట్టాక అడ్వాన్స్ పెరోల్ (వెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే అప్లికేషన్ వదులుకున్నట్టే లెక్క. పెరోల్ వచ్చాక వెళ్లొస్తే ఆ మూడేళ్ల, పదేళ్ల నిషేధం అంటుకోదని 2012లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పు ఇచ్చింది. ఆ కేసు పేరు అర్రబల్లి, ఎర్రబెల్లి. ఇంటిపేరు చూస్తేనే మనవాళ్లని తెలిసిపోతుంది. పెరోల్ మీద ఇండియా వెళ్లొచ్చిన భార్యాభర్తల కేసు అది. ఈ రోజు ఎన్ని దేశాలవాళ్లు ఆ తీర్పు పట్టుకుని అమ్మానాన్నల్ని చూసొస్తున్నారో! అయినా పెరోల్ చేతిలో ఉన్నా ఎయిర్‌పోర్ట్‌లో లోపలికి రానివ్వడం ఆఫీసర్ ఇష్టం. నీ లాయర్ కేసంతా చూసి సరే అంటేనే వెళ్లు. వీడియో కాల్‌లో రోజూ కనిపించు, ఆవిడకి నువ్వు క్షేమంగా ఉన్నావన్నదే మందు.


ప్లేనో పెద్దాయన:

ఆదాయం సంగతి నేను చెప్తానమ్మా. మా తమ్ముడి కొడుకు కేసులో నేను జాయింట్ స్పాన్సర్‌గా (తోడుగా ఆర్థిక హామీ ఇచ్చే మనిషిగా) సంతకం చేశాను.

ఐ-864లో (స్పాన్సర్ ఇచ్చే ఆర్థిక హామీ ఫారం) ప్రధానంగా చూసేది ఇప్పుడు వస్తున్న ఆదాయం. దానికి తోడు నిరుటి ట్యాక్స్ రిటర్న్ పెట్టాలి. ఫెడరల్ పేదరిక రేఖకి 125 శాతం ఉంటే చాలు. 2025 లెక్కల్లో ఇద్దరున్న ఇంటికి అది 26,437 డాలర్లు. మీ ఆయన సగం జీతమైనా అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, కానీ డిజెబిలిటీ డబ్బు ఎన్నాళ్లు వస్తుందో తెలియదు కాబట్టి ఆఫీసర్‌కి అనుమానం రావచ్చు. మళ్లీ డ్యూటీలో ఎప్పుడు చేరుతాడో కంపెనీ వాళ్ల దగ్గర లెటర్ తీసుకోండి. దానితోపాటు ఒక జాయింట్ స్పాన్సర్‌ని కూడా పెట్టుకుంటే నిశ్చింత. సిటిజన్ గానీ, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు గానీ, ఇక్కడ నివాసం ఉంటున్నవాళ్లు ఎవరైనా చేయొచ్చు. బంధువే అవ్వాలని లేదు.

అయితే సంతకం పెట్టే ఆయనకి అది ఏమిటో వివరంగా చెప్పి పెట్టించండి. మనవాళ్లు మొహమాటానికి పెట్టేస్తారు. నువ్వు సిటిజన్ అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్ల పని, నీ ఖాతాలో జమ అయ్యేదాకా, లేదా నువ్వు దేశం వదిలి శాశ్వతంగా వెళ్లిపోయేదాకా ఆ బాధ్యత ఆయన మీద ఉంటుంది. దేవుడి దయవల్ల మీకా అవసరం రాకూడదు గానీ, విడాకులైనా అది పోదు. నేను మా ఆవిడకి చెప్పే పెట్టాను.


బర్మింగ్‌హామ్ వదిన:

రెండో దారి గురించి కూడా ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నాను. మా చెల్లెలు ఇలాగే అమెరికాలో ఎస్టా గడువు దాటింది. మూడు నెలలు అవ్వకముందే వెనక్కి వచ్చేసింది. 180 దాటలేదు కాబట్టి నిషేధం పడలేదు. ఎస్టా మాత్రం ఇక జన్మలో దొరకదు, విజిటర్‌గా వెళ్లాలన్నా వీసా తీసుకోవాల్సిందే. వాళ్లాయన అక్కడినుంచి ఐ-130 (భార్య కోసం వేసే ఫ్యామిలీ పిటిషన్) వేశాడు. అప్రూవ్ అయ్యాక లండన్ ఎంబసీలో ఇంటర్వ్యూ. మొత్తానికి ఏడాది పైనే విడివిడిగా ఉన్నారు. కానీ అదంతా ఇంట్లో, ఉద్యోగం చేసుకుంటూ గడిచింది. తలుపు ఎవరు కొడతారో అన్న భయం లేదు. నీ భర్త నడవలేని స్థితిలో ఉన్నాడు కాబట్టి నీ సంగతి వేరు, నిన్ను వెళ్లమని చెప్పడం లేదు. కానీ నాన్నగారు చెప్పే దారి తప్పుడుదేం కాదు.


లెస్టర్ తెలుగమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఎస్టాలో ఆ పేజీ ఉందని కూడా నాకు గుర్తు లేదు. నాన్నతో కూడా మాట్లాడాను. వదినగారు రాసింది చూపిస్తే, ముందు లాయర్ ఏమంటాడో వినండి, 180 దగ్గరపడేలోపు తేల్చండి అన్నారు. మేము ఇక్కడే ఫైల్ చేద్దామనే అనుకుంటున్నాం. తనని ఇలా వదిలి వెళ్లడం నావల్ల కాదు.

ఇంకొన్ని సందేహాలు. ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లని అక్కడే పట్టుకున్నారని వార్తల్లో చూశాను, నిజమేనా? పెళ్లి చేసుకుని ఉండిపోవాలనే వచ్చావు కదా అని అడిగితే ఏం చెప్పాలి? నా బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేదు, "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది. తన ఫ్రెండ్స్ గాల్వెస్టన్‌నుంచి క్రూజ్ బుక్ చేస్తున్నారు, అమెరికా షిప్పే కదా, వెళ్లొచ్చా?


హ్యూస్టన్ అక్క:

క్రూజ్‌కి అస్సలు వద్దు! గాల్వెస్టన్‌లో ఎక్కి కోజుమెల్‌లో దిగడం అంటే మెక్సికో వెళ్లినట్టే. తిరిగి వచ్చేటప్పుడు కొత్తగా ఎంట్రీ అడగాలి. నీ ఎస్టా చెల్లదు. ఇటువంటి చిన్న సరదాతో కేసు మొత్తం పోగొట్టుకుంటారని నాకు బెంగ. దక్షిణాన రియో గ్రాండే వ్యాలీ వైపు కూడా కారులో వెళ్లకండి. ఫాల్‌ఫరియస్ దగ్గర, సరీటా దగ్గర హైవే మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉన్నాయి, ప్రతి కారునీ ఆపుతారు.

ఇంటర్వ్యూల దగ్గర పట్టుకున్నది నిజమే. 2025 నవంబరులో శాన్ డియాగోలో గడువు దాటిన భార్యల్ని, భర్తల్ని గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూకి వచ్చినప్పుడే ఐస్ వాళ్లు తీసుకెళ్లారు. వాళ్లకి నేరచరిత్ర కూడా లేదు. అదే ఏడాది ఆగస్టులో యూఎస్‌సీఐఎస్ తన పాలసీ మాన్యువల్‌లో, ఫ్యామిలీ పిటిషన్ వేసినా, అప్రూవ్ అయినా పంపించేయకుండా అది కాపాడదని స్పష్టంగా రాసుకుంది. ఈ సంగతి నీ దగ్గర దాచి ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అలాగని అందరినీ పట్టుకోవడం లేదు, అప్రూవల్స్ వస్తూనే ఉన్నాయి. మీ ఇంటర్వ్యూ బహుశా ఇర్వింగ్‌లోని డాలస్ ఫీల్డ్ ఆఫీసులో పడుతుంది. లాయర్ మీతో పాటు లోపలికి రావాలి. నీ ఏ-నంబర్ (ఇమ్మిగ్రేషన్ ఫైలు నంబర్) మీ ఆయనకి నోటికి వచ్చి ఉండాలి, ఎందుకంటే ఎవరినైనా ఎక్కడ ఉంచారో వెతకాలంటే ఆ నంబరే ఆధారం. మందుల జాబితా, లాయర్ ఫోన్ నంబర్ కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టు. నువ్వు బ్రిటిష్ పౌరురాలివి, హ్యూస్టన్‌లో బ్రిటిష్ కాన్సులేట్ ఉంది. వాళ్లకి తెలియజేయమని అడిగే హక్కు నీకు ఉంది.

ఉద్దేశం గురించి అడిగితే జరిగింది జరిగినట్టే చెప్పు. నీ దగ్గర ఉన్నంత మంచి కాగితాలు నేను చాలా కేసుల్లో చూడలేదు. లెస్టర్ ఆఫీసు ఇచ్చిన మూడు వారాల సెలవు మెయిల్, రిటర్న్ టికెట్, గుంటూరు హాల్ అడ్వాన్స్ రసీదు. వెనక్కి వెళ్లి ఇండియాలో పెళ్లి చేసుకోవాలనుకున్న అమ్మాయివని ఆ రసీదే చెప్తుంది. హాల్ వాళ్లు డబ్బు ఇవ్వకపోయినా ఆ కాగితం మాత్రం పోగొట్టుకోవద్దు. వచ్చేటప్పుడే ఉండిపోయే ఆలోచన ఉన్నా, సిటిజన్ భార్య విషయంలో ఒక్క ఆ కారణంతో తిరస్కరించకూడదని బోర్డు పాత తీర్పులు ఉన్నాయి. అబద్ధం చెప్పి దొరికితే మాత్రం ఎవరూ కాపాడలేరు. ఫారంలో గడువు దాటావా, షరతులు ఉల్లంఘించావా అని అడిగినచోట అవును అనే రాయాలి. లెస్టర్ ఆఫీసు పని ఇక్కడ ల్యాప్‌టాప్‌లో చేసి ఉంటే అది కూడా లాయర్‌కి చెప్పు. భార్యాభర్తల కేసుల్లో అనుమతి లేకుండా పనిచేయడాన్ని క్షమిస్తారు. ఎక్కడైనా ఉద్యోగం ఫారంలో నేను అమెరికా సిటిజన్‌ని అని టిక్ పెడితే దాన్ని క్షమించరు.

హాస్పిటల్ రికార్డులు కూడా పెట్టించు. రెండు ఆపరేషన్ల డిశ్చార్జ్ సమ్మరీలు, కేర్‌గివర్‌గా నీ పేరు రాసిన పేజీ. ఎందుకు ఉండిపోయావో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి, భార్యాభర్తలుగా నిజంగా కాపురం చేస్తున్నారని చెప్పడానికీ అవే పనికొస్తాయి. గుళ్లో తీసుకున్న ఫోటోలు పెడతారు సరే, వంద ఫోటోలకంటే ఫిజియోథెరపీకి ఎవరు తీసుకొచ్చారో రాసుకున్న రిజిస్టర్ కాపీ ఒక్కటి చాలు.

వేరేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. ఎస్టా మీద ఉండగా ఇలాంటి అత్యవసరం వస్తే, 90 రోజులు నిండకముందే అడిగితే 30 రోజుల దాకా అదనంగా ఇచ్చే వీలు రూల్స్‌లో ఉంది. సాటిస్‌ఫాక్టరీ డిపార్చర్ అంటారు. నీకు ఆ టైమ్ దాటిపోయింది, హాస్పిటల్లో ఉన్నవాళ్లకి ఇవన్నీ చెప్పేవాళ్లు ఎవరుంటారు.

ఇక బర్త్ సర్టిఫికెట్. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నేను మాత్రం ముందు ఇదే చూస్తాను. 1970 ఏప్రిల్ తర్వాత ఇండియాలో పుట్టినవాళ్లకి రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టే కావాలి, స్కూల్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. అదృష్టం, నీ పుట్టుక నమోదై ఉంది, పేరు ఒక్కటే చేర్చాలి. మీ మావయ్యో బాబాయో తెనాలి మున్సిపల్ ఆఫీసుకి పాత సర్టిఫికెట్, నీ పాస్‌పోర్ట్ కాపీ, అమ్మానాన్నల అఫిడవిట్ పట్టుకెళ్లి పేరు చేర్పించాలి. అక్కడ ఒక్క జాగ్రత్త. పాత రికార్డులో మీ నాన్నగారి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాసి ఉంటుంది. బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లో తిరగేసి ఉంటుంది. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం కూడా తేడా ఉండొచ్చు. కొత్త సర్టిఫికెట్ అచ్చేసే ముందు వాట్సాప్‌లో ఫోటో తెప్పించుకుని పాస్‌పోర్ట్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకో. తేడా మిగిలితే ఆ రెండు పేర్లూ ఒకరివే అని అమ్మానాన్నలు లెస్టర్‌లో నోటరీ దగ్గర అఫిడవిట్ రాసిస్తే జత చేద్దువుగాని.

మెడికల్ కూడా ఇప్పుడే బుక్ చెయ్యి. 2024 డిసెంబరు 2నుంచి ఐ-693 (మెడికల్ రిపోర్ట్ ఫారం) కూడా ఐ-485తో పాటే పంపాలి, లేకపోతే ఫైలు వెనక్కి కొట్టొచ్చు. వెనక్కి వచ్చిందంటే ఫైల్ అవ్వనట్టే, నీ 180 రోజులు అక్కడ నడుస్తూనే ఉంటాయి. యూఎస్‌సీఐఎస్ జాబితాలో ఉన్న సివిల్ సర్జన్ (ఈ మెడికల్ చేయడానికి అనుమతి ఉన్న డాక్టర్) దగ్గరికే వెళ్లాలి. ఎన్‌హెచ్‌ఎస్ (ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లోంచి నీ టీకాల రికార్డు ప్రింట్ తీసుకెళ్లు. ఇంగ్లండ్‌లో పెరిగిన పిల్లలకి చికెన్‌పాక్స్ టీకా ఉండదు, అక్కడ ఇటీవలిదాకా అందరికీ వేసేవాళ్లు కాదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఉంటే డాక్టర్‌కి చెప్పు, లేదంటే రక్తపరీక్ష చేస్తారు, టీకా వేస్తారు. టీబీకి చర్మం మీద సూదితో కాకుండా రక్తపరీక్షే చేస్తారు. తెనాలిలో వేసిన బీసీజీ మచ్చ చూసి కంగారుపడక్కర్లేదు, ఆ టీకా వల్ల ఈ పరీక్ష తప్పు చూపించదు. కోవిడ్ టీకా 2025 జనవరినుంచి అడగడం లేదు. డాక్టర్ కవర్ సీల్ చేసి ఇస్తే తెరవకుండా అలాగే ఫైల్లో పెట్టండి.

సీబీపీ (ఎయిర్‌పోర్ట్‌లో ఎంట్రీ చూసే శాఖ) సైట్‌లోంచి ఐ-94 (నీ ఎంట్రీ రికార్డు) ప్రింట్ తీసి పెట్టుకో. అడ్మిషన్ క్లాస్ దగ్గర డబ్ల్యూటీ అని ఉంటుంది, అంటే ఎస్టా మీద వచ్చావని గుర్తు. కొత్త లాయర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదట ఆ కాగితమే టేబుల్ మీద పెట్టు. అది చూసి ఆయన ఏం మాట్లాడతాడో విను.


లెస్టర్ తెలుగమ్మాయి:

అక్కా, మావయ్య రేపే మున్సిపల్ ఆఫీసుకి వెళ్తానన్నాడు. ఎల్లుండి ఇంకో లాయర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఫోన్‌లో ఎస్టా అనగానే ఆవిడే అడిగారు, రిమూవల్ ఆర్డర్ లాంటిది ఏదైనా ఇంటికి వచ్చిందా అని. మెడికల్‌కి కూడా డేట్ దొరికింది. క్రూజ్ మానేశాం. ఒక్కటే అడుగుతాను, ఫీజు మొత్తం ఎంతవుతుంది? చెక్ పంపాలా?


హ్యూస్టన్ అక్క:

ఆవిడ ఆ ప్రశ్న అడిగిందంటే విషయం తెలిసిన మనిషి, మంచిది. ఐ-130 కాగితం మీద వేస్తే 675, ఐ-485కి 1,440, వర్క్ పర్మిట్‌కి 260, అడ్వాన్స్ పెరోల్‌కి 630. నాలుగూ కలిపి 3,005 డాలర్లు. లాయర్ ఫీజు, మెడికల్ ఖర్చు వేరే. ఫీజులు మారుతుంటాయి కాబట్టి పంపే రోజు ఉదయం యూఎస్‌సీఐఎస్ సైట్‌లో మళ్లీ చూసుకోండి. ఫారాల ఎడిషన్ తేదీ కూడా అప్పుడే చూడండి, పాత ఎడిషన్ అయితే వెనక్కి పంపేస్తారు. 2025 అక్టోబరు చివరినుంచి మామూలుగా చెక్‌లు తీసుకోవడం లేదు. కార్డుతో కట్టాలంటే జీ-1450, బ్యాంక్ అకౌంట్‌నుంచి అయితే జీ-1650. నాలుగు ఫారాలకి నాలుగు విడివిడిగా నింపి, ఏ ఫారం మీద దానిది పెట్టండి. అన్నీ కలిపి ఒకే కాగితంలో కట్టేస్తే ఫైలు మొత్తం తిరిగొస్తుంది. కార్డు లిమిట్ ముందే పెంచమని బ్యాంక్‌కి ఫోన్ చేయించు, ఒకేరోజు నాలుగుసార్లు డబ్బు లాగితే మోసం అనుకుని ఆపేస్తారు.